ఎస్తేరు బడి చూసి వచ్చాను

కాశీకి వెళ్లి వచ్చినవాళ్లనైనా మా వీధివాళ్లు ఇన్ని ప్రశ్నలు అడగరు. సరిహద్దు దాటి నైజాం ఇలాకాలోకి, అదీ ఒంటరిగా, అదీ ఈ వయసులో వెళ్లి వచ్చానని నందిగామంతా నన్ను వింతగా చూస్తోంది. "అక్కడ ఏముందని వెళ్లారండీ, గుడా, తీర్థమా?" అని పక్కింటి కామేశ్వరమ్మగారు అడిగారు. బడి ఉందండీ అన్నాను. "బడి చూడ్డానికి అంత దూరం పోవాలా, మన ఊళ్లో లేదూ?" అని ఆవిడ నవ్వింది. ఆవిడతో వాదించే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చదివాక కూడా నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

సంగతి ఇది. ఎస్తేరు అనే అమ్మాయి బెజవాడలో ట్రైనింగ్ చదివే రోజుల్లో నా దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంది. సొంతూరు సూర్యాపేట. పోలీసు చర్య అయ్యాక అక్కడి బళ్లలో ఉర్దూ తగ్గి తెలుగు వచ్చింది. తెలుగులో పాఠం చెప్పేవాళ్లు కరువై దీనికి ఉద్యోగం దొరికింది. ఎక్కడనుకున్నారు? మిర్యాలగూడ అవతల ఒక లంబాడీ తండాలో. ఎవ్వరూ పోమంటే ఇది పోతానంది. ఏడాది తిరక్కుండానే, ఆ బడి ఉంచాలా ఎత్తెయ్యాలా అని తేల్చడానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట. "మీరొచ్చి నా పక్కన నిలవడుండ్రి, గంతే సాలు" అని మనిషి చేత కబురు పంపింది. ఆ పిల్ల నన్ను ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగదు. ఇక ఆగుతానా, బయల్దేరాను.

కోదాడ: ఆవకాయ జాడీ

జగ్గయ్యపేట దాటి కోదాడ చేరగానే మొదట తగిలేది కరోడ్‌గిరి నాకా, అంటే సుంకాల చౌకీ. నైజాం పాలన పోయి ఏడాది దాటినా చౌకీ మాత్రం చోటు కదల్లేదు. బస్సులో మూటలన్నీ కిందికి దింపించారు. నా సంచిలో ఎస్తేరు బడికని కొన్న పలకలు, బలపాల డబ్బాలు, వాటి మధ్య ఒక ఆవకాయ జాడీ ఉన్నాయి. చౌకీ జవాను జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పబోయాడు.

"విప్పకు నాయనా, నూనె కారుతుంది" అన్నాను.

"చూడకుండ ఎట్ల పంపాలమ్మా. లోపల ఏమున్నదో మాకు తెల్వాలె గదా."

"ఆవకాయ."

"అందరు గట్లనే అంటరు."

విప్పాడు, వాసన చూశాడు, తుమ్మాడు. నేను అబద్ధాలకోరును కానని తేలాక గుడ్డ మళ్లీ కట్టడం మాత్రం అతనికి చేతకాలేదు. ఎర్రటి నూనె పలకల మీదుగా జారి నా కుచ్చెళ్ల దాకా వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మూత విప్పమని ఉద్యోగం ఇచ్చినవాళ్లు కట్టడం నేర్పలేదా నీకు?" అని నలుగురిలో కేకలేశాను. అతను నొచ్చుకోలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు, పిడికెడు బూడిద తెచ్చి ఇచ్చాడు. నేను తుడుచుకుంటూ ఉంటే పక్కన నిలబడి, "అమ్మా, జర ఒక్క ముక్క పెడ్తవా?" అన్నాడు. అంత నూనె ఒలకబోసినవాడికి పెట్టకూడదు గాని, అడిగిన తీరుకి కోపం నిలవలేదు. పెట్టాను.

అక్కడ నాణెం కూడా వేరే. మన రూపాయిని కల్దారు అంటారు. వాళ్లది హాలీ సిక్కా, మనదానికంటే కాస్త తక్కువ విలువ. హోటల్లో చాయ్ తాగి కల్దారు ఇస్తే చిల్లర హాలీలో ఇచ్చాడు. నేను ఆ బిళ్లల్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, పక్క బల్ల మీద గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి, "సరిపోయిందమ్మా, మోసం లేదు" అన్నాడు. చిలుకూరు వైపు గొల్లాయన, పేరు మల్లయ్యట. నేను టీచర్నని, బడి చూడ్డానికి పోతున్నానని చెబితే గొర్రెపిల్ల చెవి నిమురుతూ కాసేపు ఆలోచించాడు.

"మా పోరగాన్ని బడికి తోలిన. పది దినాలు పోయి మానిండు. గొర్లు గాసెటోనికి సదువు రాదని పంతులే అన్నడంట."

"రెండూ ఎందుకు రాకూడదు?"

"గట్ల చెప్పే పంతులు మీకు దొరికితె మా ఊరికి తోలుండ్రి. నేనే మేకపాలు పోసి సాదుకుంట."

సూర్యాపేట బస్సు వచ్చింది. ఆయన గొర్రెపిల్లతో సహా ఎక్కబోతే కండక్టర్ దానికీ టిక్కెట్టు అడిగాడు. "ఒళ్లె కూసునే పిల్లకు టికీట్ ఏంది, మీ ఇంట్ల పసిపిల్లకు అడుగుతరా?" అని మల్లయ్య దారంతా వాదించి, టిక్కెట్టు కొనకుండానే దిగిపోయాడు. ఆ ధాటి నాకు నచ్చింది.

సూర్యాపేట: రొట్టె కొట్టడం రాని టీచరు

బస్సు దిగేసరికి ఎస్తేరు నిలబడి ఉంది. చిక్కిపోయింది గాని కళ్లలో ఆ పాత మొండితనం అలాగే ఉంది. నా సంచి లాక్కుని, "టీచరమ్మా, మీరు నిజంగనే వస్తరనుకోలే" అంది. రాకుండా ఎట్లా ఉంటానే అని విసుక్కున్నాను, ఏడుపొచ్చినప్పుడల్లా నేను విసుక్కుంటాను.

వాళ్లమ్మ సారమ్మ పొలం కూలికి పోయే మనిషి. ఆ సాయంత్రం జొన్నరొట్టెలు చేసింది. మా వైపు జొన్నలు అన్నంలా వండుకోవడం తెలుసు గాని, పిండిముద్దను అరచేతుల మధ్య తిప్పుతూ కొట్టి కొట్టి అంత పల్చగా చేయడం నేను చూడలేదు. నేనూ ఒకటి కొడతానని కూర్చున్నాను. సగంలోనే అది మూడు ముక్కలై నా ఒళ్లో పడింది. "పలకమీద రాసుడు వేరు, గిది వేరమ్మా" అని సారమ్మ కడుపుబ్బ నవ్వింది. పుంటికూర వేసి పెట్టింది. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, మన గోంగూరే. దానికి నా ఆవకాయ తోడైతే ముగ్గురం మాట్లాడుకోకుండా తిన్నాం.

తిన్నాక ఎస్తేరు తన కథ చెప్పింది.

"మొదట్ల నేను సర్కారు పుస్తకం పట్టుకపోయిన. పిల్లలు కూసునెటోళ్లు, నా మొకం సూసెటోళ్లు, మధ్యాహ్నం కాంగనే పసులెంబడి ఉరికెటోళ్లు. వాళ్లింట్ల మాట్లాడేది తెలుగు కాదు గదా. నేను 'ఇల్లు' అంటె వాళ్లకేం తెలుస్తది. మూడు నెలలు గట్లనే పోయినయి. ఒకనాడు పొద్దుగూకినంక మంగ్లీబాయని ముసలామె గుడిసె దిక్కు పోయిన. ఆడపిల్లలంత ఆమె సుట్టు కూసున్నరు. ఆమె ఒక పాట అంటది, వాళ్లు తిరిగి అంటరు. తప్పుపోతె ఆపి మళ్ల చెప్పిస్తది. పెండ్లయి పోయే పిల్ల ఏడుసుకుంట పాడాల్సిన పాటలవి, ఒక్కదానికి ఎంత పొడుగుంటదో. నాకు సిగ్గయింది టీచరమ్మా. బడి పెడ్తనని నేను పోతె, గాడ ముందే బడి ఉన్నది."

ఎస్తేరు మర్నాటి నుంచి ఆ ముసలామె దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకుందట. నేర్చుకున్నది తెలుగు అక్షరాల్లో గోడమీద రాసిందట. అమ్మను వాళ్లు యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు. 'య' అంటే యాడి, 'బ' అంటే బాటి. ఇంట్లో రోజూ పలికే మాట గోడమీద కనిపించేసరికి పిల్లలు పశువుల్ని వదిలేసి బడికి రావడం మొదలెట్టారు. ఆ అక్షరాలు పట్టుబడ్డాక వాటితోనే తెలుగు పుస్తకం చదివించింది. నా దగ్గర నేర్చుకున్న పిల్ల నాకు తట్టని పని చేసింది, నాకు గర్వంగా ఉంది, అదే ఆమెతో చెప్పాను.

ఇంతలో వాళ్ల పేటలోనే ఉండే ఒక బడిపంతులు మమ్మల్ని పలకరించడానికి వచ్చాడు. మంచివాడే, భయస్తుడు. "ఇన్‌స్పెక్టర్ సాబుకు లంబాడి మాట చెవుల పడ్డదంటె ఇగ బడి ఖతం అనుకోండ్రి. సర్కారు ఇచ్చింది తెలుగు బడి. గోడలు సున్నం కొట్టించు బిడ్డా. మొదటి పాఠం బట్టీ పట్టించు. బడి ఉంటది, నీ నౌకరి ఉంటది" అన్నాడు. ఆయన వెళ్లాక ఎస్తేరు వైపు తిరిగాను.

"నువ్వేమంటావు?" అన్నాను.

"సున్నం కొడితె బడి ఉంటదేమో. కని మళ్ల ఆ పిల్లలు నోరు తెరవరు. గసుంటి బడి నాకెందుకు?"

"అయితే కొట్టకు" అన్నాను.

మూసీ ఒడ్డున: పోలీసాయన పాఠం

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వైపు కిరాయి బండి కట్టించుకున్నాం. రెండు పక్కలా ఆముదం చేలు, కోతకొచ్చిన జొన్న. ఇప్పుడు ఆ దారుల్లో ఊరూరా పోలీసు క్యాంపులు. కమ్యూనిస్టుల కోసం వెతుకులాట. మూసీలోకి దిగేచోట బండి ఆపి మా సామాన్లు సోదా చేశారు. ఎస్తేరు మూటలో పిల్లల కోసం పెద్దక్షరాలతో రాసిన అట్టలు ఉన్నాయి. పోలీసుల్లో ఒక కుర్రవాడు మన గుంటూరు వైపు మనిషి, తెలుగు చదవగలడు. అట్ట తీసి చూశాడు. మొహం మారిపోయింది.

"అక్షరాలు తెలుగే. మాటకు అర్థం లేదు. ఇదేదో గుప్తభాష సార్" అని వాళ్ల జమేదారుకు చెప్పాడు.

బడిపాఠమని ఎస్తేరు, టీచర్నని నేను ఎంత చెప్పినా వినలేదు. జమేదారు ఆ కుర్రవాణ్ణి గట్టిగా చదవమన్నాడు. అతను తుపాకీ భుజాన సర్దుకుని, బడిపిల్లాడిలా కూడబలుక్కుంటూ, "యాడీ… బాటి ద… భూక్ లాగీ" అని చదివాడు.

పక్కనే నెత్తిన కట్టెల మోపులతో ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు సోదా కోసం ఆగి ఉన్నారు. ఒకామె నోటికి కొంగడ్డం పెట్టుకుంది. రెండో ఆమె మోపు కింద పడేసి మరీ నవ్వింది. "ఏందే, ఎందుకు నవ్వుతున్నరు?" అని జమేదారు గద్దించాడు.

"ఏం లేదయ్యా. పోలీసాయనకు ఆకలైతున్నదంట. అమ్మా, రొట్టె పెట్టు అంటున్నడు" అందామె.

క్యాంపంతా గొల్లుమంది. జమేదారు కూడా మీసాల చాటున నవ్వుకున్నాడు. కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. కట్టెల మోపు ఆమె కొంగుముడి విప్పి నిజంగానే ఒక రొట్టె ముక్క అతని చేతిలో పెట్టింది. అట్టలు మా చేతికి వచ్చాయి. మూసీ ఇసుకలో బండి చక్రం దిగబడితే ఆ కుర్రవాడే వచ్చి భుజం పట్టాడు. "మాది తెనాలి దగ్గరండీ, మా అమ్మ చూసిందంటే నవ్వి చచ్చిపోయేదండీ" అన్నాడు నాతో. ఆ భాషలో ఒక్క ముక్క తెలియనివాడు చదివితే, ఆ భాషవాళ్లకు అర్థమైంది. నేను ఎస్తేరు వైపు చూశాను, తను అప్పటికే నవ్వుతోంది.

తండా: నన్ను పట్టుకుని ఏడ్చారు

మిర్యాలగూడ బజారులో వేడి వేడి బజ్జీలు తిని, కృష్ణవైపు దిగే బాటలో తండా చేరుకున్నాం. బండి దిగానో లేదో అయిదారుగురు ఆడవాళ్లు వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసి బావురుమన్నారు. నా ప్రాణం పోయినంత పనైంది. ఎవరో చనిపోయారనుకున్నాను. పసిపిల్లలకేమైనా అయిందేమోనని నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. నిజంగానే ఏడ్చాను. ఒకామె రవికకు కుట్టిన అద్దాలు నా చెంప గీరాయి, కళ్లజోడు వంకరపోయింది.

"ఎవరు పోయారే?" అని ఎస్తేరును అడిగాను.

"ఎవరు పోలే టీచరమ్మా. మీరు నా తల్లసుంటోళ్లని చెప్పిన. తల్లిగారి మనిషి వస్తె గిట్ల పాటకట్టి ఏడుసుడు వీళ్ల మర్యాద. మీరు మస్తుగ ఏడ్సిండ్రని వాళ్లు మెచ్చుకుంటున్నరు."

మన ఇళ్లలో చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిస్తాం. వీళ్లు కళ్లనీళ్లే ఇస్తారు. నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి గాని, మనసు మాత్రం తేలికపడింది. చెప్పొద్దూ, మా అమ్మ పోయాక నన్ను అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు లేరు.

తర్వాత తండా పెద్ద లచ్మా నాయక్ మంచం వేయించి, నీళ్లిచ్చి, "రాం రాం. మీ తండ్రి పేరేంది, ఊరేంది?" అని అడిగాడు. మావైపు ఆడదాన్ని ముందు మొగుడి పేరు అడుగుతారు. ఇక్కడ తండ్రి పేరు అడగడం నాకు బాగుంది. చెప్పాను. ఆయన తన తండ్రి పేరు, తాత పేరు, వాళ్ల ఇంటి గోత్రం చెప్పాడు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ పిల్లలు అది పూర్తయ్యాకే దగ్గరికి వచ్చారు.

బడి అంటే ఒక పొడుగాటి గడ్డిపాక. మట్టిగోడల నిండా తెల్లటి అక్షరాలు. మంగ్లీబాయిని అక్కడే చూశాను. వెన్ను వంగిన మనిషి, చూపు మాత్రం పదునైంది. చాందీ అనే పదేళ్ల పిల్ల నన్ను చెయ్యి పట్టుకుని గోడంతా చూపించింది, ఒక్కో మాటా తన భాషలో చదివి, తెలుగులో చెప్పింది. మధ్యలో ఒకచోట నేను తప్పు పలికితే మంగ్లీబాయి నాలుక చప్పరించి నా చేత మూడుసార్లు అనిపించింది. అంత కచ్చితమైన టీచరును నేను మా జిల్లాలో చూడలేదు.

"రేపు మంచిగ చెప్తరా?" అని ఎస్తేరు పిల్లల్ని అడిగింది. "చెప్తం" అని పాక ఎగిరిపోయేలా అరిచారు.

పరీక్ష రోజు

ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే మిర్యాలగూడ నుంచి టాంగాలో వచ్చాడు. సన్నటి మనిషి, నల్ల షేర్వానీ, చేతిలో గడియారం. నాయక్ నీళ్ల చెంబుతో ఎదురు పోతే "తర్వాత, తర్వాత. నాకు వక్త్ లేదు" అని చెయ్యి ఊపి నేరుగా పాకలోకి నడిచాడు. గోడలకేసి చూశాడు.

"ఇది ఏ భాష?"

"పిల్లల ఇంటి భాష సార్" అంది ఎస్తేరు.

"ఇది తెలుగు బడి గదా?"

"తెలుగు కూడ వస్తది సార్. అడగండ్రి."

ఆయన ముందు వరసలోని చాందీని చూసి, "నీ పేరేమి?" అన్నాడు. చాందీ పలకలేదు. పక్కపిల్లాణ్ణి అడిగాడు, వాడూ పలకలేదు. పుస్తకం తీసి చదవమంటే ఒక్క తల కదల్లేదు. నిన్న పాక ఎగిరిపోయేలా అరిచినవాళ్లు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. ఎస్తేరు మొహం పాలిపోయింది. "చెప్పండ్రి బిడ్డా" అని బతిమాలింది. లాభం లేకపోయింది.

"ఏడాదిలో తమ పేరు చెప్పడం కూడా నేర్చుకోలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో కోపం కూడా లేదు, విసుగే ఉంది. "ఈ టీచర్ని ఊళ్లో బడికి పంపిస్తే ఉపయోగం. ఇక్కడ వద్దు."

గుమ్మం దగ్గర మంగ్లీబాయి మొహం పక్కకు తిప్పుకుని కూర్చుని ఉంది. నాయక్ ఇంకా ఆ నీళ్ల చెంబు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. ఆ చెంబు చూశాక నాకు వెలిగింది. నిన్న నన్ను అడిగిందేమిటి? నేను చెప్పాకే కదా పిల్లలు నా దగ్గరికొచ్చింది. ఈయన తనెవరో చెప్పకుండా ఎదుటివాళ్ల పేరు అడుగుతున్నాడు. తండాలో పెంచిన ఏ పిల్లా దానికి జవాబు చెప్పదు. చెబితే ఇంటికెళ్లాక తన్నులు తింటుంది.

"అయ్యా, మీ నాన్నగారి పేరేమిటి?" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మీరు నన్ను పరీక్షిస్తున్నారా?"

"నేను కాదండి, వాళ్లు. వీళ్ల ఇంటికి మనం వచ్చాం. వచ్చినవాళ్లు ముందు తమ సంగతి చెప్పుకోవాలి, ఆ తర్వాతే పిల్లలు నోరు విప్పుతారు. మీకు కుదరదంటే వెళ్లిపోండి. పిల్లలకు రాదని మాత్రం అనకండి" అన్నాను. ఇన్‌స్పెక్టర్లతో అలా మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. అప్పటికి నా కోపం నా చేతిలో లేదు.

"నేను మర్సిపోయిన సార్, తప్పు నాదే" అంది ఎస్తేరు గబగబా. "నేను వచ్చిన్నాడు నన్ను గట్లనే అడిగిండ్రు."

ఆయన కాసేపు గడియారంకేసి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, బయటికి నడిచి నాయక్ చేతిలోని చెంబు అందుకుని నీళ్లు తాగాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు నాందేడు దగ్గరి పల్లె అన్నాడు. నాయక్ మొహం విప్పారింది. "మా తాతలు గా దారిలనే ఉప్పుబస్తాల ఎడ్లు తోలుకపోయిండ్రు దొరా" అని తన తండ్రి పేరు, తాత పేరు, గోత్రం వరసగా అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టర్ తొందరపెట్టకుండా విన్నాడు. ఆయన తిరిగి పాకలోకి వచ్చేసరికి చాందీ లేచి నిలబడి ఉంది.

"నా పేరు చాందీ. మా బాపు పేరు హర్యా" అంది, అడక్కుండానే.

ఇక చూడాలి. ఒకరి తర్వాత ఒకరు లేచి పేరు, తండ్రి పేరు చెప్పారు. ఇన్‌స్పెక్టర్ తెలుగు పుస్తకం తెరిచి ఎక్కడంటే అక్కడ చదివించాడు. కొందరు తడబడ్డారు, చాలామంది చదివారు. చదివింది తమ భాషలో చెప్పారు, మళ్లీ తెలుగులో చెప్పారు. మా ఊరి బడిలో మూడో తరగతివాళ్లు గడగడా చదువుతారు, అర్థం అడిగితే గోడకేసి చూస్తారు. వీళ్లు మెల్లిగా చదువుతున్నారు, అర్థం మాత్రం వదలడం లేదు.

"బట్టీ పట్టించలేదని ఏమిటి నమ్మకం?" అన్నాడాయన ఆఖరికి.

ఎస్తేరు ముందుకొచ్చింది. "మీకు ఏది తోస్తె అది చెప్పుండ్రి సార్, రాస్తరు. ఏ భాషైనా సరే. అర్థం తెల్వకున్నా చెవికి వినపడ్డది రాస్తరు."

ఇన్‌స్పెక్టర్ చాందీ ఎదురుగా నేలమీద గొంతుక్కూర్చున్నాడు. కొంచెం ఆలోచించి, మెల్లిగా ఏదో అన్నాడు. మాలో ఎవరికీ తెలియని మాట. చాందీ మళ్లీ చెప్పమంది, చెప్పాడు. ఆ పిల్ల నాలుక కొరుక్కుంటూ పలకమీద రాసింది. రాసి, వేలు పెట్టి, పైకి చదివింది: "బాళా, జేవాయలా యే."

ఆయన పలక మీదికి వంగి చూశాడు.

"గిది ఎవరి మాట సార్?" అంది చాందీ.

"మా అమ్మది" అన్నాడు. "మరాఠీ. బిడ్డా, అన్నానికి రా అని. నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి పిలిచేది. మా బళ్లో అంతా ఉర్దూ. ఇంటి మాట ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు రాయడం రాదు. ఆమె పిలుపు రాసి ఉండగా నేను చూడటం ఇదే మొదటిసారి."

ఇంకోసారి చదవమన్నాడు. చాందీ ఇంకోసారి చదివింది. ఆ పిల్ల గొంతులో ఆ పిలుపు విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను దేనికో విసుక్కున్నాను, దేనికో ఇప్పుడు గుర్తు లేదు.

ఈ మాటలు నీకెవరు నేర్పారని ఆయన అడిగితే ఎస్తేరు మంగ్లీబాయిని చూపించి, ఆమె పాటల సంగతి చెప్పింది. ఆయన లేచి నిలబడి నాయక్‌తో అందరికీ వినపడేలా చెప్పాడు. "బడి ఇక్కడే ఉంటుంది. ఈ టీచరే ఉంటారు. గోడల మీది రాత ఎవరూ చెరపకూడదు. ఆ ముసలమ్మను కూడా బడికి రానివ్వండి, పాట చెప్పే గంటకు."

"నేను రానిదెప్పుడు?" అంది మంగ్లీబాయి గుమ్మంలోంచి.

తండా మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. డప్పు ఎవరు తెచ్చారో తెలియదు, పాక ముందు ఆడవాళ్లు గుండ్రంగా చేరి ఆడటం మొదలెట్టారు. ఎస్తేరును లాక్కుపోయారు. నన్నూ లాక్కుపోయారు. జన్మలో అడుగు వేసి ఎరగని దాన్ని, చెప్పులు వదిలేసి మరీ ఆడాను. నందిగామలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి నాతో చెప్పవచ్చు.

టాంగా ఎక్కబోతూ ఇన్‌స్పెక్టర్ మళ్లీ వెనక్కి వచ్చాడు. చాందీ దగ్గరికి పోయి, "ఈ పలక నాకిస్తావా?" అన్నాడు. "మా ఊరు పోయినప్పుడు మా అమ్మకు చూపిస్తాను. ఆమెకు చదవడం రాదు, నేనే చదివి వినిపిస్తాను."

చాందీ ఎస్తేరు వైపు చూసింది, తర్వాత పలక వైపు చూసింది. ఇచ్చేసింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, అక్షరాలు చెరిగిపోకుండా రెండు చేతులూ అంచుల మీదే ఉంచి కూర్చున్నాడు. టాంగావాణ్ణి మెల్లిగా పోనిమ్మన్నాడు.

నా ఉద్యోగంలో కోళ్లు పట్టుకుపోయిన ఇన్‌స్పెక్టర్లను చూశాను, నెయ్యి పట్టుకుపోయినవాళ్లను చూశాను. బడిపిల్ల పలక అడిగి తీసుకుపోయినవాణ్ణి మాత్రం ఇతన్నే చూశాను.